గౌరమ్మ తిథి, గిరిబాబు రసీదు

ఈ సంగతి ఇంతకుముందే రాయాల్సింది. రాయలేకపోయాను. నాకు అక్షరాలు వచ్చిందే నలభై దాటాక. చిన్నప్పుడు మా అమ్మానాయనల వెంట టమాటా తోటలకు కూలికి పోయేదాన్ని, బడి దారి తెలియదు. పుంగనూరులో ఆయాగా చేరాక, మధ్యాహ్నం పిల్లలు పడుకునే వేళ అక్కడి టీచరమ్మ నేర్పింది. ముందు సంతకం, తర్వాత రసీదులు, ఆ తర్వాత దాతలకు నాలుగు ముక్కల ఉత్తరాలు. కానీ జరిగినదాన్ని మొదటినుంచి కడదాకా కాగితం మీద పెట్టడం వేరే పని. పైగా సాయంత్రానికి ఒళ్లు అలిసిపోయి పెన్ను పట్టబుద్ధి కాదు. ఈమధ్య మా చుట్టుపక్కల చిన్న సంస్థలవాళ్లు, ఉద్యోగి ఎంత చందా ఇస్తే కంపెనీ కూడా అంత కలిపి ఇస్తుందంట కదా, మీరెట్లా తెచ్చుకున్నారని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పి చెప్పి గొంతు పోతోంది. అందుకని రాస్తున్నాను.

కరోనా వెళ్లిపోయిన రెండో ఏడు. మా సంస్థ ఆఫీసు మదనపల్లెలో ఒక పాత మిషన్ కాంపౌండు వెనక రెండు గదులు. పిల్లల సెంటరు పుంగనూరులో. కాళ్లూ చేతులూ సరిగా ఆడని పిల్లలకు అక్కడ ఫిజియోథెరపీ చేయిస్తాం. అంటే బిగుసుకున్న కండరాలను రోజూ సాగదీసి, కదిలించి, మెల్లగా నిలబడటం, నడవటం నేర్పించడం. మధ్యాహ్నం అన్నం పెడతాం. సోమల వైపు పల్లెల పిల్లలను ఒక వ్యాను పొద్దున తీసుకొచ్చి సాయంత్రం దింపుతుంది. నన్ను అప్పటికి ఆయా పని నుంచి డోనర్ విజిటర్‌గా మార్చారు. దాతల ఇండ్లకు పోవడం, పిల్లల సంగతులు చెప్పడం, చందా తీసుకోవడం, రసీదు ఇవ్వడం. పేరు బాగుంది గానీ సగం జీవితం బస్టాండుల్లోనే గడిచిపోయే ఉద్యోగం.

ఆ ఏడు మా వ్యాను ఖర్చు భరించే మండీ వ్యాపారి ఒకాయన వ్యాపారం దెబ్బతిని చేతులెత్తేశాడు. మా సెక్రటరీ ఎస్తేరు మేడం ఎందరినో అడిగింది. పుస్తకాలిస్తామన్నారు, దుప్పట్లిస్తామన్నారు. పంచేటప్పుడు ఫొటో తీసుకోవచ్చు కదా. డీజిలు పోసేటప్పుడు ఎవరూ ఫొటో తీయరు. అందుకని వ్యానుకు ఎవరూ ఇవ్వరు.

వ్యాను ఆగితే ఎక్కువ నష్టం ఎవరికో మాకు తెలుసు. సోమల దాటాక, బస్సు రోడ్డు నుంచి చాలా దూరం లోపలికి ఒక పల్లె ఉంది. అక్కడి లావణ్యకు అప్పుడు ఏడేళ్లు. మా దగ్గర చేరినప్పుడు గోడకు ఆనించి కూర్చోబెడితే పక్కకు ఒరిగిపోయేది. ఆ ఏటికి వాకర్ పట్టుకొని నడవసాగింది. మునివేళ్ల మీద నిలబడే పిల్ల మడమలు రెండూ నేలకు ఆనించడం నేర్చింది. తల్లి సుజాత కూలికి పోతేనే ఇల్లు గడుస్తుంది. రోజూ బిడ్డను ఎత్తుకొని బస్సు రోడ్డు దాకా నడిచి పుంగనూరు తీసుకురావడం ఆమెకు అయ్యే పని కాదు. మా ఫిజియో అమ్మాయి తేల్చి చెప్పేసింది: “రెండు నెలలు వ్యాయామం ఆగితే మడమ వెనక నరం బిగుసుకుపోతుంది. మరీ బిగుసుకుంటే ఆపరేషనే.”

అలాంటప్పుడు గిరిబాబు ఫోన్ చేశాడు. కుప్పం అబ్బాయి, బెంగుళూరులో పెద్ద కంపెనీలో ఉద్యోగం. వాళ్ల పెద్దమ్మ మనవడు మా దగ్గరే నడక నేర్చుకున్నాడు. గిరిబాబు తల్లి గౌరమ్మ అది చూసి సంతోషపడిన మనిషి. ఆమె పోయాక, ఏటా ఆమె తిథినాడు మా పిల్లలకు వాళ్ల ఇంటి నుంచి ఒక పూట భోజనం.

“అక్కా, మా కంపెనీలో మ్యాచింగ్ గిఫ్ట్ అని ఉండాది. నేను మీకు ఎంతిస్తే కంపెనీ అంతే కలిపి ఇస్తాది. మన పక్క వాళ్లు ఇంగా కొందరు ఉండారు ఈడ. మదనపల్లె, పలమనేరు, వి.కోట. అందురూ ఏదో ఒక తిథికి మీకు ఇచ్చేవాళ్లే. అందరిదీ కలిస్తే మీ బండి ఏడాదంతా తిరగదా?”

తిరుగుతుంది. బాగానే తిరుగుతుంది. ఆ మాట ఎస్తేరు మేడానికి చెబితే ఆమె కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకుంది.

దీని పద్ధతి అప్పుడే తెలుసుకున్నాం. కంపెనీవాళ్ల పోర్టల్‌లో, అంటే చందాల కోసం నడిపే వెబ్‌సైటులో, ముందు మన సంస్థ పేరు ఎక్కాలి. దానికి మన రిజిస్ట్రేషను, దాతకు పన్ను తగ్గింపు వచ్చే 80జి కాగితం, లెక్కలు ఆడిట్ చేయించిన కాగితాలు అడుగుతారు. ఒకసారి ఎక్కితే ఆ కంపెనీలో ఎవరు ఇచ్చినా పనికొస్తుంది. తర్వాత ఉద్యోగి చందా ఇచ్చి, రసీదు పోర్టల్‌లో పెట్టి క్లెయిమ్ వేస్తాడు. నేనింత ఇచ్చాను, మీ వాటా ఇవ్వండి అని అడగడమే క్లెయిమ్. ఆ చందా నిజంగా అందిందని మనం ఒప్పుకోవాలి. అప్పుడు కంపెనీ తన వాటా పంపుతుంది. ఇదంతా మార్చి ఆఖరులోగా జరగాలి. కాగితాలకే మాకు చలికాలమంతా పట్టింది. వాటా వస్తుందన్న ధైర్యంతో, ఉన్న కాస్తా వ్యానుకే పెట్టి నడిపాం.

గిరిబాబూ, అతని స్నేహితులూ కిందటి ఉగాది నుంచి తమ ఇండ్లు ఇచ్చిన తిథి భోజనాలన్నిటికీ క్లెయిమ్‌లు వేశారు. అన్నీ తిరిగొచ్చాయి. ఒక్కటి కూడా పాస్ కాలేదు.

కంపెనీ తరఫున మాట్లాడే అమ్మాయికి ఎస్తేరు మేడం ఫోన్ కలిపి, రసీదులు రాసేది నేనే కాబట్టి నాకు ఇచ్చింది. మర్యాదగల పిల్ల.

“మేడం, గౌరమ్మ గారు మా ఎంప్లాయీ లిస్టులో లేరండీ.”

“ఆమె చనిపోయిందమ్మా.”

“అయ్యో, సారీ అండీ. ఎప్పుడు?”

“చాలా ఏండ్లయింది.”

ఆ పిల్ల చాలా మెల్లగా అడిగింది. “మరి ఈ డొనేషన్ ఆవిడ ఎలా ఇచ్చారండీ?”

నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మా దగ్గర పద్ధతే అది. తిథి భోజనం ఎవరి పేరున పెడితే రసీదు వాళ్ల పేరునే రాస్తాం. దాతలు అడిగేదీ అదే. ఆ రోజు పిల్లలు పంక్తిలో కూర్చొని, ‘ఈ రోజు గౌరమ్మ గారి పేరున భోంచేస్తున్నాం’ అని చేతులు జోడించి చెప్పాకే ముద్ద ఎత్తుతారు. ఆ రసీదును ఇంటికి తీసుకుపోయి దేవుని గూట్లో పెట్టుకునేవాళ్లున్నారు. ఇన్నేండ్లలో బతికున్న మనిషి పేరు కావాలని మమ్మల్ని అడిగినవాళ్లు చాలా తక్కువ. గిరిబాబు స్నేహితుల రసీదులన్నీ తల్లుల పేర్లూ, తాతల పేర్లూ. ఒకరిది చిన్నప్పుడే పోయిన చెల్లెలిది.

ఇంకో చిక్కు కూడా ఉంది. దుడ్లు సంపాదించేది బెంగుళూరులో కొడుకు. ఇచ్చేది మాత్రం కుప్పంలో తండ్రి. గిరిబాబు తన నాయన మునెప్పకు పంపుతాడు. మునెప్ప బ్యాంకులో తీసుకొని, బస్సెక్కి వచ్చి, తన చేత్తో మా చేతిలో పెడతాడు. మిగతా ఇండ్లలోనూ ఇంతే. కంపెనీ రూలు ప్రకారం ఉద్యోగి తన ఖాతా నుంచి నేరుగా ఇవ్వాలి. మా దగ్గర ఒక్కరూ అలా ఇవ్వలేదు.

“ఆ పాత రసీదులు మా పేర్లతో తిరిగి రాసియ్యక్కా, ఎవురు సూస్తారు?” అన్నాడు గిరిబాబు.

ఎస్తేరు మేడం ఫోన్ లాక్కుంది. “బాబూ, మీ నాయన చేతిలోంచి తీసుకున్న చందాకు నీ పేరు రాస్తే అది దొంగ రసీదు. ఒక వ్యాను కోసం సంస్థనంతా పోగొట్టుకోలేం. జరిగింది జరిగింది. ఈ నెలాఖరులోగా మళ్లీ నేరుగా ఇవ్వగలిగినవాళ్లు ఇవ్వండి.”

గిరిబాబు మెత్తబడ్డాడు. “ఈ ఏడు మా అమ్మ తిథి ఇంగా రాలేదు మేడం. నేను నేరుగా ఏస్తే నాయన ఊరుకోడు. చెప్పకుండా ఏస్తామంటే ఆయనకు పంపేది ఆపల్ల. రెండుసార్లు ఇచ్చే తాహతు నాకు లేదు. కడమోళ్లంతా నా దిక్కే సూస్తాండారు. మీ నాయన ఒప్పుకుంటే మా ఇండ్లలోనూ చెప్తామంటాండారు.”

ఆ వారమే వ్యాను ఆగిపోయింది. నేను ఆదివారం చూసుకొని కుప్పం బయలుదేరాను. పలమనేరులో బస్సు మారి, కుప్పంలో దిగేసరికి ఎండ నెత్తికెక్కింది. గిరిబాబు పొద్దున రైలుకే వచ్చి ఉన్నాడు. మునెప్ప జీవితమంతా గ్రానైట్ పాలిష్ యూనిట్లో పనిచేసి మానేసిన మనిషి. ఇప్పుడు కొంచెం నేల గుత్తకు తీసుకొని బీన్స్ పెడతాడు. యూనిట్లో మిషన్ల హోరుకు చెవులు మందగించాయి. అందుకని ఆయన మామూలు మాట కూడా వీధి చివరికి వినబడుతుంది. ఇంటి నేలంతా యూనిట్లో మిగిలిన బండ ముక్కలు, ఒకటి నల్లది, ఒకటి ఎర్రది, ఒకటి బూడిద రంగు.

“రామ్మా రత్నమ్మా, కూసో. నీళ్లు తాగు. ఈ ఎండలో యాల వచ్చినావు? తిథికి నేనే వస్తా గదా!”

నేను నీళ్లు తాగేలోపల గిరిబాబే ఎత్తుకున్నాడు. “నాయనా, ఈ ఏడు నేను నా అకౌంట్లోనుంచి నేరుగా ఏస్తా. అట్లయితే మా కంపెనీ అంతే దుడ్డు కలిపి ఇస్తాది.”

“ఎవురికి?”

“సెంటరుకే.”

“మీ అమ్మ మీ కంపెనీకి ఏమైతాది?”

“ఏమీ కాదు.”

“మరి యాల పెడ్తారు కూడు?”

“అమ్మ కోసరం కాదు నాయనా, పిల్లోళ్ల కోసరం.”

“పిల్లోళ్లకు పెట్టేదానికి మీ అమ్మ తిథే కావల్నా? ఎప్పుడన్నా పెట్టుకోమను. నేనేమన్నా అడ్డమా?”

నాకు నవ్వు ఆగలేదు. మునెప్ప నా దిక్కు తిరిగాడు. “సూడమ్మా, నగుతాండావు. నువ్వే చెప్పు. వీడు పంపిస్తాడు, నేను బ్యాంకుకు పోయి లైన్లో నిలబడతా, తీసుకుంటా, బస్సెక్కి వచ్చి నా చేత్తో ఇస్తా. అప్పుడు నేను పెట్టినట్ల. వీడు బెంగుళూరులో కూసోని ఫోన్లో నొక్కితే ఎవురు పెట్టినట్ల?”

“నేనే పెట్టినట్ల. నేను ఆమె కొడుకును కాదా?” అన్నాడు గిరిబాబు. గొంతు పెరిగింది.

“నేను మొగుణ్ణిరా.”

గిరిబాబు లేచి బయటికి పోయాడు. నేనే నెమ్మదిగా అన్నాను. “రసీదులో పేరు మాత్రమే మారుతుందన్నా. పిల్లోళ్లు చెప్పేది గౌరమ్మక్క పేరే.”

“రసీదు నేనెప్పుడన్నా అడిగినానా? మీరే ఇస్తిరి, గూట్లో పెట్టుకున్నా. ఇప్పుడు ఆమె పేరు తీసేసి వాని పేరు రాస్తామంటాండారు. బతికుండేవాని పేరు గూట్లో పెట్టుకుంటారా ఎవురన్నా?”

వ్యాను ఆగిపోయిందని అప్పుడు చెప్పి ఉండవచ్చు. లావణ్య మడమల మాట చెప్పి ఉండవచ్చు. చెబితే ఒప్పుకునేవాడేమో. దాతల ముందు పిల్లల కష్టం చెప్పడం నా ఉద్యోగమే, రోజూ చేసే పనే. కానీ భార్యను తలుచుకొని అంత పట్టుగా మాట్లాడుతున్న మనిషి ముందు ఒక పిల్ల కాళ్లు పెట్టి లొంగదీయడం ఆ రోజు చేయబుద్ధి కాలేదు. అన్నం తిని పొమ్మన్నాడు. తిని వచ్చేశాను. బస్సులో కూర్చున్నాక, నా మనసు తృప్తి కోసం ఆ పిల్లకు అన్యాయం చేశానా అని దారంతా నలిగాను.

గౌరమ్మ తిథి నెలాఖరుకు ముందు పడింది. మునెప్ప చెప్పిన వేళకు వచ్చాడు. చేతిసంచీలో తన తోట బీన్స్. చందా నా చేతిలో పెట్టి, రసీదు మాట ఎత్తకుండా నేరుగా వంటింట్లోకి పోయాడు. తిథి వంట కదా అని మా వంటామె ఎప్పటి అలవాటు కొద్దీ అందరి లెక్కకు వండేసింది. పంక్తి వేశాక చూస్తే చాపలు సగం ఖాళీ.

మునెప్ప బకెట్టు పట్టుకొని నిలబడిపోయాడు. “కడమ పిల్లోళ్లు యాడ?”

“సోమల పక్కవాళ్లు రావడం లేదన్నా. బండి లేదు” అన్నాను.

“రిపేరా?”

“కాదు. దుడ్డు లేదు.”

“ఇప్పుడే కదా ఇచ్చినా!”

“అది ఈ పూట కూటికన్నా. బండికి కాదు.”

ఎస్తేరు మేడం అక్కడే ఉంది. ఆమె దాచిపెట్టి మాట్లాడే మనిషి కాదు. “మీ అబ్బాయి కంపెనీ ఇచ్చే వాటాతో నడుపుదామనుకున్నాం మునెప్పగారూ. కుదరలేదు. మీ తప్పేం లేదు” అని చెప్పేసింది. ఆయన ఉన్న పిల్లలకు వడ్డించాడు. పిల్లలు గౌరమ్మ పేరు చెప్పారు. గొంతులు పలచగా వినిపించాయి.

అన్నం చాలా మిగిలింది. వంటామె అందరికీ కట్టిస్తానంటే మునెప్ప ఒప్పుకోలేదు. “తిథి కూడు. ఎవురికి అనుకుంటిమో వాళ్లకే పెట్టల్ల. ఆ పిల్లోళ్ల ఊరు యాడుండాది?”

ఆయనే ఆటో మాట్లాడాడు. నేనూ ఆయనా గిన్నెలు కాళ్ల మధ్య పెట్టుకొని సోమల వైపు పోయాం. రెండు మూడు ఇండ్లలో పెట్టి, ఆఖరుకు లావణ్య ఇంటికి చేరాం. సుజాత కొడుకుకు జ్వరమని ఆ రోజు పనికి పోలేదు. లావణ్య గోనెపట్టా మీద గోడకు ఆనుకొని ఉంది. వాకర్ వాకిట్లో ఉంది. దాని మీద తడి బట్టలు ఆరేసి ఉన్నాయి.

“ఏం పాపా, బాగుండావా?” అని మునెప్ప ఎప్పటిలాగే కేకేశాడు.

“తాతా, నాకు కాళ్లు సరిగా రావు గానీ చెవులు బాగానే ఉండాయి” అంది లావణ్య.

అప్పుడు మునెప్ప నవ్వడం చూడాల్సింది. గిన్నె కింద పెట్టి, నడుము పట్టుకొని నవ్వాడు. ఆయనే విస్తరి వేసి వడ్డించాడు. పిల్ల ముద్ద కలిపి ఆగింది. నా దిక్కు చూసి, “అత్తా, ఈ పొద్దు ఎవురి పేరు?” అని అడిగింది.

“గౌరమ్మ.”

ఒక్కతే చేతులు జోడించి, పంక్తిలో ఉన్నట్టే పెద్దగా చెప్పింది. మునెప్ప వాకిలి దిక్కు తిరిగి నిలబడ్డాడు.

తిన్నాక, వచ్చిన తాతకు తన నడక చూపించాలని పిల్లకు ముచ్చట. సుజాత గబగబా బట్టలు తీసి వాకర్ లోపలికి తెచ్చింది. లావణ్య పట్టుకొని లేచింది. మడమలు నేలకు ఆనలేదు. పిల్ల కిందికి చూసుకొని, నొక్కి చూసింది. మళ్లీ నొక్కింది. పండ్లు బిగించింది. ఆనలేదు. “నిన్నటిదాకా ఆనింది, తాతా” అంది. నిన్నటిదాకా కాదు. కానీ ఎవరూ సరిదిద్దలేదు.

“యాల ఆన్లే?” అని మునెప్ప నన్ను అడిగాడు. మొదటిసారి ఆయన గొంతు మామూలు మనిషి గొంతులా వినిపించింది. ఫిజియో అమ్మాయి ఏం చెప్పిందో ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

సోమల బస్టాండులో ఆయన ఫోన్ తీసి కొడుక్కు చేశాడు. నిలబడినవాళ్లంతా తిరిగి చూశారు.

“ఒరే గిరీ, నొక్కు. ఆ, ఫోన్లోనే నొక్కు. ఈ పొద్దే, తిథి దాటకముందే. యేంది? నువ్వు పంపిన దుడ్డు నేను ముట్టలేరా, బ్యాంకులోనే ఉండాది. ఈ పొద్దు నేనిచ్చింది నా బీన్స్ దుడ్లు. అవును, నీ మీద కోపానికే అమ్మి ఇచ్చినా. నీది నీకు తిరిగి ఏయిస్తా. రసీదు నీ పేరున్నే రాయించుకో. పేరు మీ అమ్మది చెప్పల్ల. వడ్డించేది నేను. అది మీ కంపెనీవాళ్లకు గట్టిగా చెప్పు.”

ఆ పక్క గిరిబాబు ఏదో అన్నాడు.

“కంపెనీకి ఎట్ల చెప్పేదంటావా? నాకేం తెలుసు, సదువుకున్నోడివి నువ్వు” అని ఫోన్ పెట్టేశాడు. బస్సెక్కుతూ నాతో అన్నాడు. “ఆ రసీదు నాకొద్దు. ఆమె పేరు రాసి ఊరికే ఒక చీటీ ఇయ్యి. గూట్లోకి.”

తర్వాతిది ఇక్కడే చెప్పేస్తాను. అంతా బాగైపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. గిరిబాబు స్నేహితుల్లో కొందరి ఇండ్లలో పెద్దవాళ్లు ఒప్పుకున్నారు. కొందరు ఇప్పటికీ ఒప్పుకోలేదు. వాళ్ల భోజనాలు ఎప్పటిలాగే జరుగుతున్నాయి, కంపెనీ వాటా లేకుండా. వాటా మంజూరయిందని కబురు తొందరగానే వచ్చింది గానీ, అది మా ఖాతాలో పడేసరికి వానలు మొదలయ్యాయి. వ్యాను అప్పుడు కదిలింది. లావణ్యకు ఆపరేషన్ తప్పింది. కానీ మడమలు ఆనడానికి మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. మొదటిసారి ఏడవని పిల్ల రెండోసారి ప్రతిరోజూ ఏడ్చింది.

మా పని పద్ధతి అప్పుడే మార్చాం. ఇచ్చింది ఎవరు, ఎవరి పేరున ఇచ్చారు అని రెండు ప్రశ్నలు విడివిడిగా అడుగుతాం. ఇచ్చినవాళ్లకు రసీదు. తలుచుకునే పేరుకు వేరే చీటీ. మీ పిల్లలు ఎక్కడ పనిచేస్తున్నారని ప్రతి ఇంట్లో అడుగుతాం. ఇది అడగడానికే మాకు అంతకుముందు మొహమాటం. ఆరా తీస్తున్నామనుకుంటారని భయం. అడిగితే తెలిసింది, మా దాతల ఇండ్లలో ఇలాంటి వాటా ఇచ్చే కంపెనీల ఉద్యోగులు ఇంకా ఉన్నారు. వాళ్లలో చాలామందికి తమ కంపెనీలో ఆ ఏర్పాటుందనే తెలియదు. తెలిసినవాళ్లకు గడువు తెలియదు. కాబట్టి చిన్న సంస్థలవాళ్లకు నేను చెప్పేది ఇంతే: కాగితాలు ముందే సిద్ధం చేసుకోండి, అడగడానికి సిగ్గుపడకండి. వాటా చేతికి వచ్చేదాకా దాని మీద బండి నడపకండి. మేం నడిపాం, మధ్యలో ఆపాల్సి వచ్చింది. అసలు నడక నేర్పడమే మొదలుపెట్టకపోతే లావణ్యకు తనేం పోగొట్టుకుందో తెలిసేది కాదేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది. అది కూడా సరైన ఆలోచన కాదని నాకు తెలుసు.

ఇంకొకటి. పెద్దవాళ్ల చేతిలోంచి ఇచ్చే పని లాగేసుకొని ఫోన్లోకి మార్చేటప్పుడు, వాళ్ల చేతికి వేరే పని ఇవ్వాలి. మునెప్ప ఇప్పుడు ఏటా తిథికి వచ్చి వడ్డించి పోతాడు. తన చేత్తో వడ్డించకపోతే ఆయన ఒప్పుకునేవాడు కాదు. ఈ మాట ఏ కంపెనీ పోర్టల్‌లోనూ రాసి ఉండదు.

ఆ ఏడు తిథినాడు మునెప్పను బస్సెక్కించి నేను ఇంటికి చేరేసరికి కాళ్లు లాగేశాయి. గిరిబాబు ఫోన్ చేసి, నొక్కేశానక్కా అన్నాడు. ఒక ఇంటి పని అయింది. వాటా వచ్చేదాకా మాత్రం వ్యాను రాదు, పిల్ల కాళ్లు అంతదాకా ఆగవు. మిగతా పిల్లలకు ఏం చేయాలో అప్పటికి నాకు తోచలేదు.

మరుసటి రోజు ఉదయం తొలి బస్సుకు సోమల పోయి, ఆ పల్లె దాకా నడిచాను. సుజాత అప్పటికే కూలికి బయలుదేరుతోంది. సాయంత్రం నేనే తెచ్చి దింపుతానన్నాను. లావణ్యను చంకనెత్తుకొని రోడ్డు వైపు తిరిగి నడిచాను. ఆయాగా ఉన్నప్పుడు ఇలాంటి పిల్లలను ఇద్దరిని కూడా ఎత్తుకునేదాన్ని. ఇప్పుడు చింతతోపు దగ్గర ఒకసారి, కల్వర్టు దగ్గర ఒకసారి దించాల్సి వచ్చింది. దించినప్పుడల్లా పిల్ల నా చీర పట్టుకొని నిలబడి మడమలు నొక్కి చూసుకుంది. దూరంగా పుంగనూరు బస్సు కనిపించింది. ఆమెను ఇటు చంక నుంచి అటు చంకకు మార్చుకొని, చెయ్యి ఎత్తాను.